అటక దిగిన సూట్‌కేసు

ఇంటర్ రెండో సంవత్సరం ఆఖరి పరీక్ష రాసొచ్చిన రోజు మా అమ్మాయి అన్నం కూడా తినకుండా స్టూలు వేసుకుని అటక మీదకి చెయ్యి పెట్టింది. పుస్తకాలు పైన పడెయ్యడానికేమో అనుకున్నాను. కాదు, సూట్‌కేసు దించింది. దాని మీద వేలితో పేరు రాసుకోగలిగినంత దుమ్ము. తడిగుడ్డతో తుడిచి, చక్రాలు తిరుగుతున్నాయో లేదోనని హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి రెండుసార్లు లాగి చూసుకుని, తీసుకెళ్ళి తన మంచం పక్కన నిలబెట్టుకుంది. అప్పటికి మార్చి మూడో వారం. సింగపూర్‌లో ఉన్న మా చెల్లెలి దగ్గరికి తను వెళ్ళాల్సింది మే నెలాఖరుకి.

“ముందు ఎంసెట్ సంగతి చూడవే తల్లీ” అన్నాను. (ఆ పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారి ఇన్నేళ్ళయినా మా ఇంట్లో అది ఎంసెటే.)

పిల్ల ఏమీ అనలేదు. సూట్‌కేసుని కాలితో మంచం కిందకి తోసేసింది.

నేనన్నదాంట్లో తప్పేముంది? ఏ తల్లయినా అదే అంటుంది. కానీ రెండేళ్ళపాటు పొద్దున్న అయిదుకి లేచి, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లలో కూర్చుని, ఆదివారాలు కూడా టెస్టులు రాసిన పిల్ల అది. మొహంలో కాస్త వెలుగు కనపడిన మొదటి పూటే దాని మీద నీళ్ళు చల్లాల్సిన అవసరం నాకేమొచ్చింది? ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఈ వేసవిలో మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు సూట్‌కేసు దించి ఉంటారు, లేదా దించనివ్వమని అడుగుతూ ఉంటారు. వాళ్ళ అమ్మానాన్నల కోసం, నేను తెలుసుకున్న నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మొట్టమొదటగా, ప్రయాణానికీ ర్యాంకుకీ ముడిపెట్టకండి. “పదివేల లోపు వస్తే పంపిస్తాం” అనడం మనకి చాలా సహజం. మా ఆయన కూడా అనబోయారు, నేనే ఆపాను. అందులో మంచీ చెడూ అలా ఉంచి, ముందు లెక్క చూడండి. ఎంసెట్ మేలో. ఫలితాలు రావడానికి ఆ తర్వాత కొన్ని రోజులు. విమానం టికెట్ మాత్రం కాస్త చవగ్గా దొరకాలంటే మార్చి, ఏప్రిల్‌లోనే కొనాలి. అంటే ర్యాంకు తెలిసేనాటికి మీ డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయి ఉంటుంది. ఇక ఆ బెదిరింపుకి రెండే దారులు. మాట నిలబెట్టుకుని టికెట్ డబ్బులు నీళ్ళపాలు చేసుకోవడం, లేదా మాట తప్పి పంపడం. రెండోదే జరుగుతుందని మీకన్నా ముందు మీ పిల్లలకి తెలుసు. పదిహేడేళ్ళుగా మిమ్మల్ని చూస్తున్నవాళ్ళు కదా.

పరీక్షల తేదీలు మాత్రం దగ్గర పెట్టుకోవాలి. ఇది షరతు కాదు, క్యాలెండర్. నీట్ రాసేవాళ్ళకి ఆ పరీక్ష మామూలుగా మే మొదటి ఆదివారం వస్తుంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ మే రెండో సగంలో. రాష్ట్రాల ఎంసెట్‌లు ఆ మధ్యలో. కౌన్సెలింగ్ మొదలయ్యేది జూన్ ఆఖరుకో, జూలైకో. పరీక్షలకీ కౌన్సెలింగ్‌కీ మధ్య మిగిలేది మూడు, నాలుగు వారాలు. మేం అది చూసుకునే మే నెలాఖరు ఎంచుకున్నాం. ఏదైనా సబ్జెక్టు పోతే సప్లిమెంటరీ పరీక్షలు సరిగ్గా ఆ రోజుల్లోనే ఉంటాయి. అలా జరిగితే ఏం చెయ్యాలో ఫలితాలు రాకముందే, అందరూ చల్లగా ఉన్న ఒక సాయంత్రం మాట్లాడుకోండి. తేదీ మార్చుకునే టికెట్‌కి కాస్త ఎక్కువ పెట్టడం దండగ కాదు. ఇంకో చిన్న విషయం. కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో ఇచ్చే ఫోన్ నంబరుకే ఓటీపీలు వస్తాయి. ఆ నంబరు ఇంట్లో ఉండేవాళ్ళది కావాలి, విమానం ఎక్కే పిల్లది కాదు. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, స్టడీ సర్టిఫికెట్లు అన్నీ ఒక ఫైలులో పెట్టి, ఆ ఫైలు ఏ అరలో ఉందో అమ్మకీ నాన్నకీ ఇద్దరికీ తెలిసేలా చూసుకోండి. మా ఇంట్లో అది తెలిసిన మనిషి ఒక్కతే, ఆ ఒక్కతే సింగపూర్ వెళ్ళబోతోందన్న సంగతి మాకు ఏప్రిల్‌లోగానీ తట్టలేదు.

సూట్‌కేసు దించిన మర్నాడు పొద్దున్నే దాన్ని మంచం కింద నుంచి నేనే బయటికి లాగాను. “ఇదుగో, ఈ ప్రయాణం పనులన్నీ నీవే. నేను సంతకాలు పెడతాను, డబ్బులు కడతాను, అంతే” అన్నాను. అలా అనడం ఆ వేసవిలో నేను చేసిన తెలివైన పని. మరీ అంత తెలివితో ఆలోచించి అన్నానని మాత్రం అనుకోకండి. నాకు ఆన్‌లైన్ ఫారాలంటే విసుగు.

మొదటి పని పాస్‌పోర్ట్. అప్పుడెప్పుడో తనకి తొమ్మిదేళ్ళప్పుడు తీయించాం, ఉందిగా అన్న ధీమాతో ఉన్నాం. తీసి చూసింది. గడువు తీరిపోయి మూడేళ్ళయింది! చిన్నపిల్లల పాస్‌పోర్ట్‌కి అయిదేళ్ళే ఆయుష్షన్న సంగతి మాకు అప్పుడు గుర్తొచ్చింది. 15 నిండి 18 నిండని వాళ్ళు పదేళ్ళ పాస్‌పోర్ట్ అయినా కోరుకోవచ్చు, 18 నిండేవరకే చెల్లేదయినా కోరుకోవచ్చు. పదేళ్ళది తీసుకోవడమే మేలు, మళ్ళీ రేపు పై చదువుకి పనికొస్తుంది. మైనరు కాబట్టి తల్లిదండ్రులిద్దరూ డిక్లరేషన్ మీద సంతకం పెట్టాలి. చాలా దేశాలు ప్రయాణం నాటికి పాస్‌పోర్ట్‌కి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. కాబట్టి మీ ఇంట్లో పాస్‌పోర్ట్ ఉన్నా సరే, ఇప్పుడే లేచి ఆ ఆఖరు తేదీ చూసి రండి. ఈ వ్యాసం ఎక్కడికీ పోదు.

పాస్‌పోర్ట్ ఫారం దగ్గర మన తెలుగువాళ్ళకి తరచూ వచ్చే తంటా ఒకటుంది: ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, ఇంకోదాంట్లో అసలు ఉండదు. పాత పాస్‌పోర్ట్‌లో మా అమ్మాయి ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేశాం. అప్పుడు అదేమీ పెద్ద విషయంగా అనిపించలేదు. ఇప్పుడు టికెట్ కొనే వెబ్‌సైట్ ఇంటిపేరు రాయందే ముందుకి కదలనంటుంది. 2022 నవంబరులో యూఏఈ ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్ట్ మీద విజిట్ వీసాతో వచ్చేవాళ్ళని రానివ్వమని చెప్పేసరికి మనవాళ్ళు ఎంతమంది హడావిడి పడ్డారో. కొత్త పాస్‌పోర్ట్‌లో మా పిల్లే ఇంటిపేరు పూర్తిగా, మెమోలో ఉన్న అక్షరంతో కుదిరేలా రాయించింది. “అమ్మా, మన ఇంటిపేరుకి ఇంగ్లీషులో మీరు ముగ్గురూ మూడు స్పెల్లింగులు వాడుతున్నారు తెలుసా?” అని అడిగింది. ముగ్గురంటే నేనూ, వాళ్ళ నాన్నా, తాతయ్యా. తెలీదు మరి.

వీసా కూడా తనే చూసుకుంది. సింగపూర్‌కి మనవాళ్ళకి ముందే వీసా కావాలి. గుర్తింపు పొందిన ఏజెంటు ద్వారా గానీ, అక్కడున్నవాళ్ళ ద్వారా గానీ దరఖాస్తు చెయ్యాలి. 30 సింగపూర్ డాలర్ల ఫీజు, వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగిరాదు. అది కాక దిగేముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితం. ఉచితమని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, గూగుల్‌లో వెతికితే డబ్బులు అడిగే నకిలీ సైట్లు పైకి వస్తాయి. మా పిల్ల అలాంటిదాంట్లో సగం నింపి, కార్డు నంబరు అడిగేసరికి అనుమానమొచ్చి వాళ్ళ పిన్నికి ఫోన్ చేసింది. నేనైతే కట్టేసేదాన్ని. థాయ్‌లాండ్ వెళ్ళేవాళ్ళకీ 2025 మే నుంచి ఇలాంటి డిజిటల్ కార్డే ఉంది, మలేషియాకీ ఉంది. వీసా అక్కర్లేదని చెప్పే దేశాల నిబంధనలు తరచూ మారుతుంటాయి. పక్కింటివాళ్ళు పోయినేడాది వెళ్ళొచ్చారు కదా అని వాళ్ళ మాట మీద టికెట్లు కొనకండి, ఆ దేశపు అధికారిక వెబ్‌సైట్ చూసి కొనండి.

మైనరు పిల్లలు తల్లిదండ్రులు లేకుండా వెళ్తుంటే ఒక అనుమతి పత్రం నోటరీ చేయించి చేతికివ్వండి. ఎవరింటికి వెళ్తోంది, ఎన్నాళ్ళుంటుంది, అక్కడి చిరునామా, మీ ఫోన్ నంబర్లు, మీ పాస్‌పోర్ట్ కాపీలు. అందరూ అడగరు. అడిగినప్పుడు లేకపోతే మాత్రం, కౌంటర్ ముందు నిలబడ్డ పదిహేడేళ్ళ పిల్లకి నోట మాట రాదు.

డబ్బు విషయం కొంచెం నిదానంగా చెప్పాలి.

మేం ఆ పిల్లకి ఖర్చు మొత్తం చెప్పాం. టికెట్‌కి ఇంత, వీసాకి ఇంత, ట్రావెల్ ఇన్సూరెన్సుకి ఇంత, చేతి ఖర్చుకి ఇంత అని కాగితం మీద రాసి. మేం లెక్క వేసిన రోజుల్లో సింగపూర్ డాలరు 66 రూపాయలు. చేతి ఖర్చు ఎంతన్నది మేం చెప్పాం, దేనికి ఖర్చుపెట్టాలన్నది తనకి వదిలేశాం. రెండు రోజులు కాగితం, పెన్ను పెట్టుకుని కూర్చుంది. హాకర్ సెంటర్లో (అక్కడి చవక తిండి దుకాణాల సముదాయం) ఒక పూట భోజనం 5 డాలర్లనుకుంటే 330 రూపాయలు. “అమ్మో, మన ఊళ్ళో బిర్యానీ వస్తుంది” అంది. గార్డెన్స్ బై ద బేలో ఆ పెద్ద పెద్ద ఇనప చెట్లుంటాయి చూడండి, 25 మీటర్ల నుంచి 50 మీటర్ల ఎత్తుండేవి, వాటి కింద తిరగడానికి టికెట్ లేదు, అద్దాల తోటల్లోకి వెళ్ళాలంటేనే ఉంది. చాంగీ విమానాశ్రయం పక్కన జ్యువెల్‌లో 40 మీటర్ల జలపాతం చూడటానికి కూడా పైసా అక్కర్లేదు. ఉచితమైనవన్నీ ఒక వైపు, టికెట్ ఉన్నవి ఒక వైపు రాసుకుంది. కెమిస్ట్రీ ఈక్వేషన్లకి అంత శ్రద్ధ పెట్టగా నేను చూడలేదు. అలమార తలుపు మీద పీరియాడిక్ టేబుల్ ఊడదీసిన చోట ఎంఆర్‌టీ రైళ్ళ మ్యాపు అతికించింది.

ప్యాకేజీ టూర్‌లో కుటుంబమంతా వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ధర మీద టీసీఎస్ అనే పన్ను విడిగా వసూలు చేస్తారు, అది ఏ పాన్ మీద కట్టారో వాళ్ళ ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. రసీదు పారెయ్యకండి.

ఇక పంపలేని అమ్మానాన్నల గురించి. నిజానికి ఎక్కువమంది వాళ్ళే, కాకపోతే వేసవిలో పేపర్లలో వచ్చే ప్రకటనలు చూస్తే ఊరంతా విమానాల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. మా అమ్మాయి క్లాసులో నలుగురు స్నేహితులు. ఒకళ్ళు దుబాయ్, ఒకళ్ళు మా పిల్ల, ఒకళ్ళు ఊటీ, నాలుగో అమ్మాయి ఎక్కడికీ లేదు. ఆ పిల్ల వాళ్ళమ్మ నాకు తెలుసు, కుట్టుపని చేస్తుంది. ఒకరోజు జాకెట్టు ఇవ్వడానికి వెళ్తే, “మా పిల్ల కూడా అడుగుతోందక్కా, వచ్చే ఏడు చూద్దాంలే అన్నాను” అంది. వచ్చే ఏడు కూడా వీలుకాదని ఆమెకి తెలుసు. నాకూ తెలుసు. బహుశా పిల్లకీ తెలుసు.

అలాంటప్పుడు “చూద్దాం” అనే మాట వద్దని నా అభిప్రాయం. ఆ మాట పిల్లల్ని ఏడాది పొడుగునా ఎదురుచూసేలా చేస్తుంది, ఆ తర్వాత మన మాటమీదే నమ్మకం పోతుంది. “దీనికి ఇంతవుతుంది. మన దగ్గర ఉన్నది ఇంత. నీ కాలేజీ ఫీజుకి ఇంత పక్కన పెట్టాం” అని అంకెలతో చెప్పండి. పదిహేడేళ్ళవాళ్ళు అంకెల్ని అర్థం చేసుకుంటారు, సాకుల్నే క్షమించరు. “విదేశాల్లో ఏముంది, మన దగ్గర లేనిదా” అని మాత్రం అనకండి. పంపలేకపోవడం తప్పు కాదు, చూడాలని ఉండటమూ తప్పు కాదు. పాస్‌పోర్ట్ మాత్రం తీయించండి, దాని ఖర్చు చాలా ఇళ్ళకి అందుబాటులోనే ఉంటుంది. అరలో పాస్‌పోర్ట్ ఉన్న పిల్ల, లేని పిల్లలాగా ఉండదు. ఆ కుట్టుపని చేసే ఆమె వాళ్ళ అమ్మాయికి తీయించింది. బ్యాంకు పాసుపుస్తకాల మధ్య పెట్టుకుందట.

మళ్ళీ సామాను దగ్గరికి వద్దాం. ప్రయాణం సంగతి వీధిలో తెలిసిన రోజు నుంచి మా ఇంటికి పొట్లాలు రావడం మొదలయ్యాయి. వెనక వీధి పెద్దమ్మగారి కొడుకు అక్కడ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు, వాడికి కిలో ఆవకాయ. ఇంకొకరి కోడలికి పురిటి తర్వాత తినే పొడులు. మా ఆయన పాత స్నేహితుడొకాయన టేపు చుట్టిన డబ్బా ఇచ్చి, “మందులేనమ్మా, మా వాడొచ్చి తీసుకుంటాడు” అన్నాడు. మొహమాటం మన ఇంటిపేరు లాంటిది, అన్నిచోట్లా ముందుంటుంది. ఇక్కడ మాత్రం దాన్ని పక్కన పెట్టండి. పిల్ల చేతిలోని సంచిలో ఏముందో దానికి జవాబు చెప్పాల్సింది ఆ పిల్లే. సింగపూర్‌లో మత్తుపదార్థాల చట్టం ఎంత కఠినమంటే, ఒక పరిమాణం దాటితే మరణశిక్ష కూడా పడొచ్చు. మన వంటింటి గసగసాలు యూఏఈలో నిషిద్ధం. మసాలా పొడుల్లో గుప్పెడు వేశామన్నా అక్కడ ఒప్పుకోరు. సింగపూర్‌లో కూడా అనుమతి లేకుండా వాటిని తీసుకెళ్ళకూడదు. కొన్ని దగ్గుమందులకి, నొప్పి మాత్రలకి కూడా గల్ఫ్‌లో ముందస్తు అనుమతి కావాలి. సొంత మందులైతే డాక్టర్ చీటీతో, అసలు స్ట్రిప్పుల్లోనే ఉంచి తీసుకెళ్ళాలి. ఆ టేపు చుట్టిన డబ్బాని నేనే తిరిగిచ్చేశాను. ఆయన కొంచెం నొచ్చుకున్నాడు. నొచ్చుకోనివ్వండి.

ఆవకాయ మాత్రం వెళ్ళింది. చేతి సంచిలో కాదు, నూనె ఉంటుంది కాబట్టి చెకిన్ పెట్టెలో, మూడు కవర్లలో చుట్టి. పవర్ బ్యాంక్‌ది దానికి సరిగ్గా వ్యతిరేకం: అది చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్‌లో పెట్టకూడదు. ఈ రెంటినీ తారుమారు చేసేవాళ్ళని శంషాబాద్ విమానాశ్రయంలో పెట్టెలు నేలమీద విప్పుకుని కూర్చోగా చూడొచ్చు.

మగపిల్లల తల్లిదండ్రులకి ఒక మాట విడిగా చెప్పాలి. ఆడపిల్లకి వంద జాగ్రత్తలు చెప్పి, మగపిల్లాడికి “జాగ్రత్తరా” అని ఒక్క మాటతో సరిపెడతాం. వేప్‌లు (ఈ-సిగరెట్లు) సింగపూర్‌లో 2018 నుంచి దగ్గర పెట్టుకోవడమే నేరం, థాయ్‌లాండ్‌లో కూడా చట్టవిరుద్ధమే. థాయ్‌లాండ్‌లో 2022 నుంచి గంజాయి దుకాణాలు వీధివీధినా వెలిశాయి, ఆ తర్వాత నిబంధనలు బిగించారు. బిస్కెట్లలో, చాక్లెట్లలో కలిపి అమ్మడం కూడా ఉంది. స్నేహితుల గుంపుతో వెళ్ళే కుర్రాడికి ఈ సంగతి సిగ్గుపడకుండా, తిట్టకుండా, మామూలు సమాచారంలా చెప్పండి. “మా వాడు అలాంటివాడు కాదు” అని మీరనుకోవడం బాగానే ఉంది, వాడికి తెలియకుండా తినే బిస్కెట్‌కి ఆ సంగతి తెలీదు కదా.

ఇక నా భయం. దాన్ని దాచి లాభం లేదు. ఏప్రిల్ అంతా నాకు ఒకటే కల. పిల్ల ఎక్కడో రైలెక్కింది, దిగాల్సిన చోట దిగలేదు. పగలు కూడా అదే అడిగేదాన్ని. “దారి తప్పితే ఏం చేస్తావు?” “తప్పనమ్మా.” “తప్పితే?” “మ్యాప్ ఉంది.” “ఫోన్ అయిపోతే?” ఒకసారి విసుక్కుని వెళ్ళిపోయింది. నా భయాన్ని తీర్చుకోడానికి తనని పరీక్ష రాయిస్తున్నానని నాకు చెల్లెలే ఫోన్‌లో చెప్పింది. “అక్కా, నువ్వు ప్రశ్నలు ఆపేసి, నాలుగు నంబర్లు కాగితం మీద రాయించు” అంది. రాయించాను. పిన్ని, బాబాయ్ నంబర్లు, పోలీసుకి 999, అంబులెన్స్‌కి 995, అక్కడి మన హైకమిషన్ చిరునామా. పాస్‌పోర్ట్ పోతే వెళ్ళాల్సింది అక్కడికే. ఆ కాగితం ఫోన్‌లో కాదు, పర్సులో. పిన్ని నంబరు మాత్రం నోటికి. ఇంట్లోవాళ్ళ నంబరు ఒక్కటి కూడా నోటికి రాని తరం ఇది, పరీక్షించి చూడండి.

ఫోన్ గురించి ఒక ఒప్పందం చేసుకున్నాం. సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. మనం రాత్రి భోజనం చేసే తొమ్మిదింటికి అక్కడ పదకొండున్నర. కాబట్టి మన సాయంత్రం ఆరున్నరకి రోజుకొక్క ఫోన్. ఆ మధ్యలో ఎక్కడుందో చూపించే లొకేషన్ యాప్ పెడతానంటే మా ఆయన ఒప్పుకోలేదు. “దాన్ని పంపుతున్నది ఎందుకు, నువ్విక్కడ కూర్చుని చుక్కని చూడటానికా?” అన్నారు. కోపం వచ్చింది, కానీ సబబుగానే ఉంది. మీకు అది లేకపోతే నిద్రపట్టదనుకుంటే పెట్టుకోండి, పిల్లలకి చెప్పి పెట్టుకోండి. చాటుగా వద్దు.

వెళ్ళేది చుట్టాలింటికే అయినా, అక్కడ ఇంట్లో మనిషిలా ఉండమని చెప్పి పంపండి. మా చెల్లెలూ మరిదిగారూ ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళు. పనిమనిషి లేదు. ఇల్లు మన హాలంత. మేనకోడలొచ్చిందని రోజూ సెలవు పెట్టలేరు. తన గిన్నె తను కడుక్కోవడం, వాషింగ్ మెషిన్ వెయ్యడం ఏప్రిల్‌లోనే మొదలుపెట్టించాను. నేనేదో పెంపకంలో గొప్పదాన్నని కాదు, మా చెల్లెలు ముందే హెచ్చరించింది. అక్కడ హాకర్ సెంటర్లలో కూడా తిన్న ట్రే తీసి దాని చోట పెట్టకపోతే ఊరుకోరు, 2021 నుంచి నియమం అది. ఎంఆర్‌టీ రైల్లో ఏమైనా తిన్నా, తాగినా 500 డాలర్ల దాకా జరిమానా. అంటే ఒక మజ్జిగ పొట్లానికి 33 వేలు. ఈ లెక్క మా పిల్లే వేసి, వాళ్ళ నాన్నని హడలగొట్టింది.

ఒక సంగతి మాత్రం నాకు ఇప్పటికీ లోటుగా ఉంది. మా పిల్ల ఫోటోలు తప్ప, రాసుకున్నదంటూ ఏమీ తేలేదు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, దారి పొడుగునా చూసినవన్నీ స్నేహితుడికి ఉత్తరాలుగా రాశారు. అదే తర్వాత కాశీయాత్ర చరిత్ర అయింది. ఏ ఊళ్ళో ఏం దొరుకుతుంది, ఎక్కడ దిగడానికి చోటుంది, ఇలాంటివన్నీ ఉంటాయి అందులో. మే నెల ఎండల్లో, పల్లకీలో వెళ్ళిన మనిషి రాయగా లేనిది, ఏసీ విమానంలో నాలుగున్నర గంటల్లో వెళ్ళే పిల్ల రోజుకి అయిదు వాక్యాలు రాయలేదా? నోటుపుస్తకం కొనిచ్చాను కూడా. మొదటి పేజీలో తేదీ వేసి ఉంది. మీరు నాకన్నా తెలివిగా, ఇంట్లో ఉండే ఎవరికైనా, తాతయ్యకో తమ్ముడికో, రోజూ ఒక పెద్ద మెసేజ్ రాయమనండి. రాసేది ఒకరి కోసమైతే రాస్తారు.

బయల్దేరే రోజు ఖమ్మం నుంచి తెల్లవారుజామునే కారు కట్టించుకుని శంషాబాద్ వెళ్ళాం. దారిలో మా ఆయన ఒక్క సలహా ఇవ్వలేదు, నేను పద్నాలుగు ఇచ్చాను, లెక్కపెట్టానని మా పిల్ల చెప్పింది. తలుపు దగ్గర పోలీసాయనకి పాస్‌పోర్ట్ చూపించి లోపలికి వెళ్ళింది. అద్దంలోంచి చూస్తున్నాం. చెకిన్ క్యూలో నిలబడి, వెనక్కి తిరిగి మా వైపు కాదు, పైన బోర్డు వైపు చూసింది. ఏ కౌంటరో చూసుకుంటోంది. నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను.

తిరిగొచ్చాక ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు, అదీ చెబుతాను. విమానాశ్రయంలోనే “ఏమేం చూశావు, ఏం తెచ్చావు, ఎంత మిగిలింది” అని మొదలుపెట్టకండి. అడిగితే వచ్చేది “బాగుంది” అనే ఒక్క మాటే. సూట్‌కేసు వారం పదిరోజులు హాల్లోనే పడి ఉంటుంది, ఉండనివ్వండి. కబుర్లు వాటంతటవే వస్తాయి, మనం వేరే పనిలో ఉన్నప్పుడు, మొహం మొహం చూసుకోనప్పుడు.

మాకు జూన్ మూడో వారంలో ఒక రాత్రి వచ్చింది. పొద్దున్నకి చిక్కుడుకాయలు వలుస్తున్నాను. పక్కన కూర్చుని తనూ నాలుగు కాయలు తీసుకుంది.

“ఒకరోజు తప్పు రైలెక్కానమ్మా.”

చెయ్యి ఆగబోయింది. ఆపలేదు. “ఎప్పుడు?”

“అయిదో రోజు. పిన్నికి కూడా చెప్పలేదు.”

“మరేం చేశావు?”

“తర్వాత స్టేషన్‌లో దిగా. అటువైపు ప్లాట్‌ఫాం మీదకెళ్ళి, ఇంకోటి ఎక్కా.” ఒక కాయ విరిచి ముదురో లేతో చూసుకుని, “ఇది ముదురు, పారెయ్యనా?” అని అడిగింది.